అవతలివాళ్ల వంతులో మనమేం చేస్తున్నాం?

బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట. నా వంతు మొదలై 20 నిమిషాలైంది. ఒక్కో బొమ్మనీ జరుపుతూ, టేపుతో కొలుస్తూ, పాచికలు వేస్తూ తల వంచుకుని ఉన్నాను. తలెత్తి చూస్తే మా తమ్ముడు ఫోన్ చూసుకుంటున్నాడు. కోపం రాలేదు, బాధేసింది. ఆ 20 నిమిషాల్లో పడిపోయిన తన బొమ్మల్ని తీసి పక్కన పెట్టడం తప్ప ఆ ఆట వాడికి ఇంకో పని ఇవ్వలేదు మరి.

పెద్ద సైన్యాల కోసం రాసిన ఆటని కుదించి, చెరో పది బొమ్మలతో ఆడుతున్నాం అప్పుడు. ఒకరు తమ వాళ్లందరినీ కదిలించాకే రెండోవాళ్లకి వంతు వస్తుంది. అన్నీ డబ్బాలో సర్దేశాక వాడు నెమ్మదిగా అన్నాడు: "అక్కా, ఆట బాగానే ఉంది. కానీ సగం సేపు నేను ఆడట్లేదు."

ఇద్దరికి సరిపోయే సైన్స్ ఫిక్షన్ స్కిర్మిష్ ఆట కోసం మేము వెతకడం మొదలుపెట్టింది ఆ మాట విన్న దగ్గర్నుంచే. స్కిర్మిష్ అంటే చిన్న ముఠాల పోరు. ఒక్కో పక్కన అయిదారు నుంచి పదిహేను దాకా బొమ్మలు, ప్రతి బొమ్మా విడిగా కదులుతుంది, ప్రతి దానికీ తన తుపాకీ, తన నైపుణ్యం. గుంపులు గుంపులుగా సైనికుల్ని తోసే ఆట కాదు. అందుకే నాకిష్టం. నేను రంగులు వేసే మనిషిని. ఒక్కో బొమ్మ మీద నాలుగైదు సాయంత్రాలు కూర్చుంటాను. దానికి బల్ల మీద ఒక పేరు, ఒక పని ఉండాలి. తమ్ముడికి రంగులతో పనిలేదు. వాడికి ఎత్తు వెయ్యడం కావాలి, వేసిన ఎత్తు ఫలించడం కావాలి.

మాకు క్లబ్బు లేదు. మూడో మనిషి లేడు. వారానికి ఒక సాయంత్రం, రెండున్నర గంటలు, భోజనాల బల్ల. ఇద్దరిలో ఒకరికి విసుగొస్తే ఆట ఆగిపోయినట్టే. క్లబ్బులో ఆడేవాళ్లు "ఏది బ్యాలెన్స్‌డ్‌గా ఉంది, ఏది ఎక్కువమంది ఆడుతున్నారు" అని చూస్తారు. ఇద్దరే ఉన్నప్పుడు ఆ లెక్కలు పెద్దగా పనికిరావు. వేరే ప్రశ్నలు వేసుకోవాలి. అవతలివాళ్ల వంతులో నేనేం చేస్తాను? గొడవొస్తే ఎవరు తీరుస్తారు? ఒకరు ఎక్కువ చదివి, రెండోవాళ్లు తక్కువ చదివితే ఏమవుతుంది?

ఈ రకం ఆటలకి మూలాల్లో ఒకటి 1987లో వచ్చిన వార్‌హామర్ 40,000 అనే యుద్ధపు ఆట మొదటి పుస్తకం, రోగ్ ట్రేడర్. అందులో ఇద్దరు ఆటగాళ్లతో పాటు కథ నడిపించే గేమ్‌మాస్టర్ ఒకరు ఉంటారని అనుకుని రాశారు. సందేహం వస్తే ఆయనే తీరుస్తాడు. ఇప్పటి ఆటల్లో ఆ కుర్చీ ఖాళీ. దాన్ని ఏ ఆట ఎలా పూడ్చింది అని చూడటం నాకు చాలా ఉపయోగపడింది.

ముందుగా ఒక నియమం పెట్టుకున్నాం: కొనేముందు కాగితం బొమ్మలతో ఆడాలి. మందపాటి అట్ట మీద మనుషుల ఆకారాలు గీసి, కత్తిరించి, సీసా మూతల్లో నిలబెట్టాం. బూట్ల పెట్టెలు భవనాలు, పుస్తకాల దొంతరలు మెట్లు. ప్రతి ఆటా కనీసం మూడుసార్లు, రెండోసారి పక్కలు మార్చుకుని ఆడాలి. ఈ పక్కలు మార్చుకోవడం చాలా ముఖ్యం. "నీ పక్షం బలమైనది" అన్న అనుమానం మొదటి ఆటలోనే పుడుతుంది. నువ్వే ఆ పక్షాన్ని నడిపి ఓడిపోతే ఆ అనుమానం అక్కడితో పోతుంది.

మొదట ఆడింది వన్ పేజ్ రూల్స్ వాళ్ల గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్ ఫైర్‌ఫైట్. నియమాలు ఉచితం, ఏ కంపెనీ బొమ్మలైనా వాడుకోవచ్చు. నేనొక బొమ్మ, నువ్వొక బొమ్మ, అలా వంతులు మారతాయి. ప్రతి బొమ్మకీ ప్రధానంగా రెండే అంకెలు: తగలాలంటే ఆరు ముఖాల పాచిక మీద ఎంత పడాలి, ఆపాలంటే ఎంత పడాలి. పావుగంటలో నేర్చుకుని ఆడేశాం. తమ్ముడి ఫోన్ బల్ల మీదే బోర్లా పడి ఉంది. మొదటిసారి ఆడేవాళ్లెవరికైనా ఇప్పటికీ ఇదే చెప్తాను. ఆరో ఆటకి వచ్చేసరికి మాకు మాత్రం అన్ని తుపాకులూ ఒకేలా అనిపించాయి. ఇంకాస్త ఉప్పూకారం కావాలనిపించింది.

కిల్ టీమ్ ఆ ఉప్పూకారం ఇచ్చింది. ఇందులోనూ ఒక్కో బొమ్మ చొప్పున వంతులు మారతాయి, నాలుగు రౌండ్లలో అయిపోతుంది. 22 అంగుళాలకి 30 అంగుళాల బోర్డు, మా బల్ల మీద హాయిగా పడుతుంది. అందులో నాకు బాగా నచ్చినది ప్రతి బొమ్మకీ ముందే చెప్పాల్సిన ఆజ్ఞ: దాక్కుంటావా, పోరాడతావా? దాక్కుని అడ్డం వెనక ఉన్నవాణ్ని సాధారణంగా కాల్చలేరు, కానీ వాడూ కాల్చలేడు. ఇంత చిన్న నియమంతో బల్లంతా ఉత్కంఠగా మారిపోతుంది.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. ప్రతి జట్టుకీ తనకే ప్రత్యేకమైన ఎత్తుగడలు, సామాన్లు, మినహాయింపులు ఉంటాయి. తమ్ముడు అవన్నీ కంఠతా పట్టాడు. నేను నా జట్టువే చదివాను. మూడో ఆటలో నేను జాగ్రత్తగా కట్టుకున్న ఎత్తుని వాడు ఒక్క మాటతో కూల్చేశాడు, నేను ఎప్పుడూ వినని నియమంతో. వాడు మోసం చెయ్యలేదు, నేను చదవలేదు. కానీ ఇద్దరే ఆడే ఇంట్లో ఆ తేడా పెరుగుతూనే పోతుంది, ఎందుకంటే నాకు నేర్పేవాడూ నన్ను ఓడించేవాడూ ఒక్కడే. పైగా 2018లో ఒక ఎడిషన్, 2021లో ఇంకోటి, 2024లో మరొకటి వచ్చాయి. 2021 పుస్తకం దూరాల్ని త్రికోణం, వృత్తం లాంటి గుర్తులతో కొలిపించింది. 2024లో మళ్లీ అంగుళాలే వచ్చాయి. పాత పుస్తకంతోనే ఆడుకుంటామంటే ఇద్దరికి ఎవరూ అడ్డు చెప్పరు, నిజమే. కానీ నేను ఇప్పటికే రంగులేసి పెట్టుకున్న బొమ్మలు ఆ జట్లలో దేనికీ సరిపోలేదు. నా వరకు అసలు అడ్డంకి అదే.

తర్వాత ఇన్ఫినిటీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ప్రశ్నకి ఇంత సూటిగా జవాబు చెప్పిన ఆట ఇంకోటి లేదు.

స్పెయిన్‌కి చెందిన కోర్వస్ బెల్లీ 2005 నుంచి నడుపుతున్న ఆట ఇది. నియమాలు ఉచితంగా దొరుకుతాయి. బల్ల మీదున్న ప్రతి సైనికుడి వల్లా నీకో ఆర్డర్, అంటే ఒక కదలికకి అవకాశం, వస్తుంది. పదిమంది ఉంటే పది ఆర్డర్లు. వాటిని పదిమందికీ పంచవచ్చు, ఒక్కడికే ఎక్కువ ఖర్చు పెట్టనూవచ్చు. ఇది చూసి నాకు భయమేసింది: మళ్లీ ఒకరి వంతే పొడుగ్గా సాగుతుందే అని. కానీ నీ సైనికుడు కదిలిన ప్రతిసారీ, అతను కనపడే ప్రతి శత్రువూ అప్పటికప్పుడు స్పందించవచ్చు. దాన్ని ఏఆర్ఓ (ARO) అంటారు. అంటే అవతలివాళ్ల వంతులో ఒక్క క్షణం కూడా కళ్లు పక్కకి తిప్పలేవు.

ఒక సంఘటన ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తమ్ముడి స్నైపర్ బూట్ల పెట్టె మీద పడుకుని ఉంది. రెండు భవనాల మధ్య సందు, అరచెయ్యంత వెడల్పు. నా సైనికుడు ఆ సందు దాటుతూ పైకి కాల్చాడు. నా వంతు కాబట్టి నాకు 20 ముఖాల పాచికలు మూడు, స్పందిస్తున్నాడు కాబట్టి వాడికి ఒకటి. నాకు 9 లేదా అంతకంటే తక్కువ పడాలి, వాడికి 14 లేదా తక్కువ. నాకు 4, 8, 17 పడ్డాయి. 17 వృథా, మిగతా రెండూ తగిలినట్టే. వాడికి 12 పడింది. అదీ తగిలినట్టే, పైగా నా 8 కంటే పెద్దది. ఇద్దరివీ తగిలితే పెద్ద అంకెదే గెలుపు, చిన్నవి రద్దు. నా రెండు గుళ్లూ గాలిలో కలిశాయి. కవచం పాచిక కూడా నిలబెట్టలేదు. నా సైనికుడు సందు మధ్యలో పడిపోయాడు. ఆ ఒక్క నిమిషంలో ఇద్దరం బల్ల మీదకి వంగి ఊపిరి బిగబట్టాం.

అంత గొప్ప ఆట మాకు ప్రతి వారం ఎందుకు కుదరలేదంటే, మా బల్ల వల్ల, మా సమయం వల్ల. పూర్తి స్థాయి ఆటకి నాలుగడుగులకి నాలుగడుగులు కావాలి. నేల మీద పరిచి, మోకాళ్ల మీద ఆడాం. అడ్డాలు దండిగా లేకపోతే మొదటి వంతులోనే సగం జట్టు పోతుంది. సైనికులు పోతే ఆర్డర్లూ పోతాయి, కాబట్టి వెనకబడ్డవాళ్లు కోలుకోవడం కష్టం. హ్యాకింగ్, మారువేషాలు, మార్కర్లు, ఇలా చదవాల్సింది చాలా ఉంది. ఇద్దరూ సమానంగా చదివే జంటకి మాత్రం మారు ఆలోచన లేకుండా ఇదే చెప్తాను.

ఇన్ఫినిటీ దగ్గర నేర్చుకున్న ఒక అలవాటు మిగతా అన్ని ఆటల్లోనూ మాకు కాపలా కాసింది. బొమ్మ పెట్టేముందే ఉద్దేశం చెప్పడం. "ఇక్కడ నిలబెడుతున్నాను, నీ స్నైపర్‌కి కనపడకూడదు, సరేనా?" తమ్ముడు వంగి చూస్తాడు, అవసరమైతే లేజర్ పాయింటర్ వేస్తాం, "సరే" అంటాడు. ఇక ఆ తర్వాత బొమ్మ ఒక పిసరు జరిగినా వాదన లేదు. మూడో మనిషి లేని చోట ఇంతకంటే మంచి మధ్యవర్తి మాకు దొరకలేదు.

మాంటిక్ వాళ్ల డెడ్‌జోన్ అయితే ఆ వాదనల్ని చాలావరకు మొదలంటా తీసేసింది. రెండడుగుల చదరపు బోర్డుని మూడంగుళాల గళ్లుగా విడగొట్టారు, ఎత్తు కూడా అంతే, అంటే ఒక ఘనంలోంచి ఇంకో ఘనంలోకి కదులుతావు. టేపు అక్కర్లేదు. ఎనిమిది ముఖాల పాచికలు, 8 పడితే ఇంకో పాచిక వేసుకోవచ్చు. పిల్లలతో ఆడేవాళ్లకి, కొలతల దగ్గర గొడవపడేవాళ్లకి చక్కటి ఆట. తమ్ముడికి నచ్చింది కూడా. నాకు మాత్రం బొమ్మని సరిగ్గా గోడ అంచున, ఒక కన్ను బయటికి చూసేలా నిలబెట్టడంలో ఉన్న సుఖం పోయింది.

చివరికి మా బల్ల మీద నిలిచింది స్టార్‌గ్రేవ్. అంతరిక్షంలో తిరిగే దోపిడీ ముఠాల ఆట, ఓస్ప్రే వాళ్లది, 2021లో వచ్చింది. ఒక కెప్టెన్, ఒక ఫస్ట్ మేట్ (కెప్టెన్ తర్వాతి మనిషి), ఎనిమిది మంది సైనికులు. ఏ బొమ్మలైనా వాడుకోవచ్చు. డబ్బాల్లో ఏళ్లుగా ఉన్న నా బొమ్మలన్నీ ఒక్కసారి ఓడెక్కాయి. నా కెప్టెన్ రోబోటిక్స్ నిపుణురాలు, వాడి కెప్టెన్ రోగ్, అంటే జిత్తులమారి.

రౌండు కెప్టెన్, ఫస్ట్ మేట్, సైనికులు అని భాగాలుగా నడుస్తుంది. ప్రతి భాగంలోనూ ఇద్దరికీ వంతు వస్తుంది, కాబట్టి ఎదురుచూపు రెండు మూడు నిమిషాలే. అంతకంటే ముఖ్యం, తుపాకీ కాల్చినా, దగ్గరికొచ్చి కలబడినా ఇద్దరూ పాచిక వేస్తారు. దెబ్బ తినేవాళ్లు కూడా తమ చేత్తోనే తమ ప్రాణం కాపాడుకోవచ్చు. మొన్న నా హ్యాకర్ దోచుకున్న డేటాతో బోర్డు అంచుకి నాలుగంగుళాల దూరంలో ఉంది. వాడి రన్నర్ వెనక నుంచి కాల్చాడు. అన్నీ కలుపుకుంటే వాడికి 19. నేను పాచికని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వేశాను. గోడ అడ్డం ఇచ్చిన బోనస్‌తో సహా నాకు 21. "అక్కా!" అని కుర్చీలోంచి లేచిపోయాడు. ఓడిపోయింది వాడే, వాడి ముఖంలో నవ్వు మాత్రం నాకంటే ఎక్కువ.

20 ముఖాల పాచిక ఒక్కటే కాబట్టి అదృష్టం వాటా ఎక్కువ. బాగా వేసిన ఎత్తు కూడా ఒక్కోసారి 2 పడి చెడిపోతుంది. తమ్ముడు దీని గురించి ఇప్పటికీ అంటాడు, వాడి మాటలో న్యాయం ఉంది. అందుకే నెలకోసారి ఇన్ఫినిటీని, దాని సులువైన రూపం కోడ్‌వన్‌ని ఆడుతున్నాం. ఆ సాయంత్రం వాడిది. మిగతా మూడు వారాలూ దోపిడీ ముఠాలవి. ఎందుకంటే ఇక్కడ ఓడినా కథ మిగులుతుంది. ఆట అయ్యాక పడిపోయిన ప్రతివాడికీ పాచిక వేస్తాం, బతికాడా, గాయపడ్డాడా, పోయాడా అని. దోచుకున్నది అమ్ముతాం, ఓడకి ఏదో కొంటాం. రెండు ఆటల మధ్య వారంలో కూడా తమ్ముడు మెసేజ్ పెడుతూనే ఉంటాడు: "మెడిక్‌ని తీసుకోనా, స్నైపర్‌ని తీసుకోనా?" శత్రువునే సలహా అడుగుతాడు. నేను నిజమే చెప్తాను.

పోయిన వారం వాడి రన్నర్‌కి గాయమైంది, ఒక ఆట బయట కూర్చోవాలి. ఆ బొమ్మని నా దగ్గరే వదిలి వెళ్లాడు, ఎడమ చెయ్యికి కట్టు కట్టినట్టు రంగు వెయ్యమని. టిష్యూ కాగితం సన్నగా చీల్చి, జిగురులో ముంచి చేతికి చుట్టాను. ఆరాక లేత గోధుమ రంగు వేశాను, మడతల్లో కొంచెం ముదురు రంగు దింపాను. ఇంకా మోచేతి దగ్గర రక్తపు మరక మిగిలింది. గురువారం వాడొచ్చేలోపు అది కూడా అయిపోవాలి.