సాబ్ గారి పొలం చూడ్డానికి మాధవరం వైపు

మా ఆయనకి రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. ఆర్మీలో హవల్దారు అంటే నలభైల్లోనే పెట్టె సర్దుకుని ఇంటికి రావాలి, అప్పటికి పిల్లల చదువులు సగంలో ఉంటాయి. ఆ తర్వాత అందరూ చేసేది తెలిసిందే, ఎక్స్-సర్వీస్‌మెన్ కోటాలో బ్యాంకు పరీక్షలు రాయడం, అది కుదరకపోతే ఏదో ఒక గేటు దగ్గర సెక్యూరిటీ. ఈయన మాత్రం పొలం అంటున్నారు. అదీ ఊరికే పొలం కాదట, నలుగురికీ పనికొచ్చే పొలమట. ఫోన్ నిండా జీవామృతం వీడియోలే, అంటే ఆవు పేడ, మూత్రంతో ఇంట్లోనే కలిపి పొలానికి పోసే ద్రావణం. నాకు టెన్షన్, ఎందుకంటే మా నాన్న కౌలు రైతు, కోత అయ్యాక ఆయన లెక్క వేసుకుంటుంటే మొహం ఎలా ఉండేదో చూస్తూ పెరిగినదాన్ని. అందుకే "వీడియోలు కాదు, చేసేవాళ్ల ఇంటికెళ్లి చూద్దాం" అన్నాను. ఈయన పాత యూనిట్‌లో నాయబ్ సుబేదారుగా చేసి వచ్చేసిన ఒకాయన తాడేపల్లిగూడెం దగ్గర చిన్న పొలం పెట్టుకున్నారు, పండక్కి పిలుస్తూనే ఉన్నారు, సరే అని బయల్దేరాం.

గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా తెల్లారలేదు. ఆయనే స్టేషన్‌కి వచ్చారు. యూనిఫాం వదిలేసి ఏళ్లయింది, అయినా మా ఆయన ప్లాట్‌ఫాం మీదే నిటారుగా నిలబడి "జైహింద్ సాబ్" అన్నారు. నేను అన్నయ్యగారూ అంటాను కాబట్టి నాకా ఇబ్బంది లేదు.

ఊళ్లోకి వెళ్లే ముందు మిలిటరీ మాధవరం చూపించమని నేనే అడిగాను. ఇన్నేళ్లూ క్వార్టర్స్‌లో ఆ పేరు వినడమే గానీ చూసింది లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఒక్క ఊరి నుంచి 90 మంది వెళ్లారు, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైనే. ఊరి మధ్యలో వాళ్ల జ్ఞాపకంగా కట్టిన స్తూపం ఉంది. ఆ స్తూపం దగ్గర ఈయన చాలాసేపు ఉండిపోయారు. నాకు మాత్రం ఊరి చుట్టూ ఉన్న వరిచేల మీదే ధ్యాస. ఇన్ని తరాలుగా ఇంతమంది పోయి వచ్చారు కదా, వచ్చినవాళ్లు ఈ చేలల్లో ఏం చేశారు, వాళ్లు లేనన్నాళ్లూ ఎవరు చేశారు? అన్నయ్యగారిని అడిగితే నవ్వి, "ఆడవాళ్లేనండీ. ఇంకెవరు చేస్తారు" అన్నారు.

వాళ్ల పొలం పక్క ఊళ్లో. సొంతం ఎకరంన్నర, ఇంకో ఎకరం కౌలు. పెద్దగా ఊహించుకుంటే నిరాశే. ఎకరంన్నరలో వరి, గట్ల మీద కంది, ఒక మూల ఇరవై సెంట్లలో బెండ, వంగ, ముల్లంగి, ఆకుకూరలు, మధ్యలో బొప్పాయి, అన్నీ కలిపి వేసేశారు, ఒకటి అయిపోతుంటే ఇంకోటి చేతికొచ్చేలా. ప్రకృతి వ్యవసాయం వాళ్లు దీన్ని ఏటీఎం మోడల్ అంటారు, ఎప్పుడు వెళ్లినా ఎంతో కొంత డబ్బు వస్తుందని ఆ పేరు. మిగతా ఎకరంలో నవధాన్యాలు చల్లి ఉన్నాయి, పూతకొచ్చాక అక్కడే దున్నేస్తారట. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న పద్ధతే ఇది, 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. బహుమతి సంగతి అన్నయ్యగారికి తెలుసు గానీ వదినకి పట్టలేదు. ఆవిడకి పట్టిందల్లా డ్రమ్ములు.

ఆ డ్రమ్ముల దగ్గరే నాకు ఈ పొలం అర్థమయింది. ఊళ్లో చాలామందికి ఇప్పుడు ఆవుల్లేవు. ఆవు లేకపోతే జీవామృతం లేదు. వీళ్లకి రెండు నాటు ఆవులున్నాయి, అందుకని షెడ్డు కింద రెండొందల లీటర్ల డ్రమ్ములు వరసగా పెట్టి, పది కేజీల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కేజీల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను వేసి, పొద్దునా సాయంత్రం కలుపుతూ రెండు రోజులు ఉంచి, కావలసినవాళ్లకి పోస్తారు. బెల్లం, పిండి ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. డబ్బు తీసుకోరు, దానికి బదులు నాట్లప్పుడో కలుపులప్పుడో వచ్చి ఒక పూట పని చేస్తారు. విత్తనాలూ అంతే, తీసుకున్నవాళ్లు కోత అయ్యాక రెండింతలు తెచ్చి ఇవ్వాలి. లెక్క రాసేది వదిన డ్వాక్రా గ్రూపులోని ఒకామె, అన్నయ్యగారు కాదు.

ఈ పనంతా మొదట్లో అన్నయ్యగారి చేతిలోనే ఉండేదిట. వదిన చెప్పింది, ఆయన ఎదురుగానే. వచ్చిన కొత్తలో బోర్డు మీద డ్యూటీ చార్టు రాసి పెట్టారట, ఎవరు ఏ రోజు డ్రమ్ము కలపాలి అని. పేరు రాసి ఉన్నవాళ్లలో ఒక్కరూ రాలేదు. "చెల్లెమ్మా, ఇరవై ఆరేళ్లు సెలవులకి వచ్చి మటన్ వండించుకుని వెళ్లిపోయిన మనిషి ఒక్కసారిగా వచ్చి ఫాలిన్, వరసలో నిలబడండి అంటే ఎవరొస్తారు?" అని ఆవిడ నవ్వుతుంటే ఆయన టీ తాగుతూ కూర్చున్నారు. తర్వాత ఆ పని గ్రూపు ఆడవాళ్ల చేతికి వెళ్లింది, నడిచింది. అన్నయ్యగారు ఇప్పుడు చేసేది ఆవుల్ని చూడటం, మోటారు బాగు చేయడం, పొద్దున్నే కాలవ గట్టు మీద కుర్రాళ్ల చేత పరుగు తీయించడం. అక్కడైతే ఆర్డరు పనిచేస్తుంది.

సాయంత్రం మా ఆయన, అన్నయ్యగారు పాత పోస్టింగుల కబుర్లలో పడ్డాక నేను వదిన దగ్గర కూర్చుని అసలు ప్రశ్న అడిగాను. ఇల్లు దీని మీద గడుస్తుందా? ఆవిడ దాచలేదు. కూరగాయల మీద చేతిఖర్చు వెళ్తుంది, తినే బియ్యం, పప్పు కొనరు. పిల్లాడి ఫీజు మాత్రం పెన్షన్ లోంచే. 2024 జులైలో ఎర్రకాలువ పొంగినప్పుడు నాట్లు మొత్తం మునిగిపోయి మళ్లీ నారు కొనుక్కోవాల్సి వచ్చింది, పక్క చేలవాళ్లు వడ్డీకి తెచ్చారు, వీళ్లు పెన్షన్ డబ్బుతో కొని ఇద్దరు ముగ్గురికి సర్దారు. మా నాన్నకీ వీళ్లకీ తేడా అదే అనిపించింది. పద్ధతి మంచిదే, నేను కాదనను, కానీ నెల మొదట్లో ఖాతాలో పడే ఆ డబ్బే వీళ్ల చేత అందరికీ డ్రమ్ము పోయిస్తోంది.

మర్నాడు పొద్దున పరుగు తీస్తున్న కుర్రాళ్లని చూసినప్పుడు అదే గుర్తొచ్చింది. మైలు దూరం అయిదున్నర నిమిషాల్లో కొట్టాలని కిందా మీదా పడుతున్నారు. వీళ్లంతా అగ్నివీర్‌కే. 2022లో తెచ్చిన ఆ పద్ధతిలో సర్వీసు నాలుగేళ్లే, ఆ తర్వాత నూటికి పాతిక మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లకి పన్నెండు లక్షలకి కాస్త తక్కువగా సేవా నిధి ఇచ్చి పంపిస్తారు, పెన్షన్ ఉండదు. పాతికేళ్లకి అటూ ఇటుగానే ఊరికొచ్చే పిల్లలకి ఇలాంటి పొలం మా వాళ్ల కంటే ఎక్కువ అవసరం, కానీ ఒక్క వరదకి వాళ్లు ఎలా నిలబడతారో నాకు తెలియలేదు. అన్నయ్యగారిని అడిగితే, ఎవరికి వాళ్లు కాకుండా నలుగురైదుగురు కలిసి కౌలుకి తీసుకుంటే కొంత నయం అన్నారు, అంతకంటే చెప్పలేదు. ఉన్నదాని కంటే ఎక్కువ చెప్పలేదని నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

వచ్చేటప్పుడు రైల్లో మా ఆయన ఎకరాల లెక్కలు మొదలుపెట్టారు. నేను నా షరతులు చెప్పాను. పెన్షన్‌లో సగం పొలం మొహం చూడకూడదు. మొదటి ఏడాది మా పుట్టింటి ఊళ్లో అరెకరం కౌలుకి తీసుకుని చూడాలి, గ్రాట్యుటీ డబ్బు పెట్టి భూమి కొనే మాటే వద్దు. కౌలు కాగితంలో నా పేరూ ఉండాలి, ఎందుకంటే మూడొంతుల పని నేనే చేస్తానని నాకు తెలుసు. ఆయన మొదటి రెండింటికీ వెంటనే ఒప్పుకున్నారు, మూడోదానికి "సాబ్‌ని అడుగుతా" అన్నారు. సాబ్‌ని కాదు, వదినని అడగమన్నాను.