సకినం బంతి తెచ్చిచ్చింది

మార్చి 15, ఆదివారం, కాజీపేట

పొద్దున ఆరుంబావుకు సకినం మొదటిసారి బంతిని నా దాకా తెచ్చి చేతిలో పెట్టింది. ఈరోజు రాసుకోవాల్సిన సంగతి ఇదే. గురువారం ఉగాది కదా, మా ఇంటామె ఇల్లు దులుపుతూ నాకు నాలుగు పనులు చెప్పింది. అవీ చేశాను. కానీ మనసంతా పొద్దుటి దగ్గరే ఉండిపోయింది.

సకినం మా కుక్కపిల్ల. మేడారం జాతర వారంలో ఇంటికొచ్చింది. జాతర రెండేళ్లకోసారి కాబట్టి కొడుకు, కోడలు, మనవరాలు హైదరాబాద్ నుంచి వచ్చారు. అమ్మలకు బెల్లం మొక్కు చెల్లించి వచ్చిన మర్నాడు స్టేషన్ రోడ్డు మీద టీ తాగుతుంటే బల్ల కింద వణుకుతూ కనిపించింది. "తల్లి లారీ కింద పడ్డది సార్, నాలుగిట్ల ఇదొక్కటే మిగిలింది. తీస్కపోండ్రి, మీకు పుణ్యముంటది" అన్నాడు టీ కొట్టతను. అతను ఆ మాట పూర్తి చేసేలోపే మనవరాలు దాన్ని ఒళ్లో పెట్టుకుంది. లేత గోధుమ రంగు, చెవుల అంచున నలుపు, తోకేమో గుండ్రంగా చుట్టుకుని వీపు మీద ఆనుకుని ఉంటుంది. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బా అడుగున ఇంకా నాలుగు మిగిలాయి. మనవరాలు ఒకటి తీసి తోక పక్కన పెట్టి "సేమ్ తాతా" అంది. పేరు అట్లా పడింది. పశువుల డాక్టర్ పళ్లు చూసి ఏడెనిమిది వారాలుంటాయన్నాడు. అంటే ఇప్పుడు మూడున్నర నెలల పిల్ల.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలోకి దింపొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. పార్వో అనే జబ్బు కుక్కపిల్లలకు సోకితే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుందట. అందుకే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి ఆడించాలన్న నా కోరిక పక్కన పెట్టాను. ఉన్న చోటే ఆట అనుకున్నాను. మా ఇంటి పక్కన సందు ఒకటుంది. ఒకవైపు ఇంటి గోడ, ఇంకోవైపు కాంపౌండు గోడ, పొడుగు ఇరవై అడుగులుంటుంది. చివర నీళ్ల హౌజు.

ఆ సందులో మొదటి పది రోజులు నేను చేసిందంతా తప్పు. బంతి విసిరేవాణ్ని. సకినం దూసుకుపోయి నోట కరుచుకునేది. అక్కడిదాకా బాగానే ఉండేది. "తే, తే" అంటూ నేనొక అడుగు ముందుకు వేయగానే తోక ఊపుకుంటూ హౌజు వెనక్కి దూరేది. నేను అటు తిరిగితే అది ఇటు. చివరికి ఎట్లాగో పట్టుకుని, నోరు తెరిచి, బంతి లాక్కుని మళ్లీ విసిరేవాణ్ని. రోజూ ఇదే తంతు. కొడుకు ఫోన్లో "అది దేశీ కుక్క బాపూ, దానికి రాదు. లాబ్రడార్ అయితే పుట్టుకతోనే తెస్తది" అన్నాడు. వాడన్నదాంట్లో కొంత నిజముంది. లాబ్రడార్ జాతిని వేటలో పడ్డ పిట్టల్ని నీళ్లలో నుంచి తెచ్చివ్వడానికే తరతరాలుగా పెంచారు. మన వీధి కుక్క తరతరాలుగా నేర్చింది వేరు. దొరికిన ముక్క నోట పెట్టుకుని ఇంకొకడికి చిక్కకుండా పోతేనే దానికి ఆ పూట తిండి. అయినా "రాదు" అన్న మాట నాకు నచ్చలేదు. అట్లా అనే ముందు మనం ఎట్లా చెప్పామో చూసుకోవాలి కదా.

అది నాకు తెలిసొచ్చింది ఒక ఫోన్ వల్ల. శివరాత్రి తర్వాత ఒకరోజు, సకినం బంతి నోట పెట్టుకుని హౌజు దగ్గర నిలబడి, నేనెప్పుడు వస్తానా అని చూస్తోంది. లోపల ఫోన్ మోగింది. నేను వెనక్కి తిరిగి గబగబా ఇంట్లోకి నడిచాను. ఫోన్ ఎత్తి చూసేసరికి సకినం నా కాళ్ల దగ్గర ఉంది, బంతి నోట్లోనే ఉంది. నేను వెంటపడితే పారిపోయే పిల్ల, నేను పోతుంటే నా వెనకాలే వచ్చింది. ఫోన్లో అవతలి మనిషి ఏం మాట్లాడాడో నా చెవికెక్కలేదు. పది రోజులుగా నేను దానికి నేర్పిందేమిటి? బంతి పట్టుకుంటే తాత వెంటపడతాడు, దొరికితే లాక్కుంటాడు. అట్లాంటప్పుడు ఏ పిల్లయినా తెచ్చి ఎందుకిస్తుంది? పారిపోవడం దానికి నేర్పింది నేనే.

ఆ రోజు నుంచి వెంటపడటం పూర్తిగా మానేశాను. బంతి పట్టుకోగానే వెనక్కి తిరిగి రెండడుగులు నడుస్తాను, లేదంటే గడప మీద కూర్చుని వేరేవైపు చూస్తాను. అది వస్తుంది. సందులో ఇంకో దారి లేదు కాబట్టి నా వైపే రావాలి. రావడం అట్లా వారంలోనే కుదిరింది. ఇవ్వడమే కుదరలేదు. దగ్గరకొచ్చి, నా చెయ్యి చూడగానే దవడ బిగించేది.

ఇక్కడ నాకు నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది. రైల్వే సర్వీసు కొత్తలో, ఇంజన్ మీద అసిస్టెంట్ డ్రైవర్‌గా ఉన్నప్పుడు, సింగిల్ లైన్ మీద టోకెన్ పద్ధతిలో బండ్లు నడిపాము. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా ఉండటానికి రెండు స్టేషన్ల మధ్య ఉండే ప్రతి సెక్షన్‌కూ వేరే ఇనుప బంతులు ఉండేవి. మీద సెక్షన్ పేరు చెక్కి ఉండేది. నీల్స్ బాల్ టోకెన్ అనేవాళ్లం. ఆ బంతులుండే రెండు స్టేషన్ల మిషన్లూ తీగతో కలిసి ఉంటాయి, ఒకసారికి ఒక్క బంతే బయటికొస్తుంది. అది చేతిలో ఉంటేనే బండి ఆ సెక్షన్‌లోకి పోవాలి. బంతిని తోలు సంచిలో వేసి పెద్ద బెత్తం రింగుకు కట్టి స్టేషన్‌లో పనిచేసే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం అంచున ఎత్తి పట్టుకునేవాడు. బండి నెమ్మదిగా పోతుంటే నేను ఇంజన్ తలుపులోంచి వంగి ఆ రింగులో చెయ్యి దూర్చి అందుకునేవాణ్ని. వెనకటి సెక్షన్ రింగు అక్కడే వదిలేవాణ్ని. రింగు తగిలి మోచేతి పైన కమిలిపోయేది. బెత్తం గుర్తు రెండు రోజులుండేది. పాతది ఇస్తే ముందుకు పోవడానికి కొత్తది చేతికొస్తుంది. అందుకే పాతది వదలడానికి ఎవరికీ బాధ ఉండేది కాదు.

సకినానికీ అదే కావాలనిపించింది. నేను తీసుకోవడం ఒక్కటే దానికి తెలుసు, ఇవ్వడం అది చూడలేదు. అచ్చం ఒకేలాంటి రెండు బంతులు చేశాను. ఒకటి విసిరి, అది తెచ్చాక రెండోది నా చేతిలో ఆడించి చూపిస్తాను. దాని నోరు దానంతటదే వదులవుతుంది. మొదటిది కింద పడగానే "తే" అని రెండోది విసురుతాను. లాక్కోవడం లేదు, నోరు తెరవడం లేదు. ఇంట్లో మాట కూడా ఒకటే చేశాం. అంతకుముందు నేను "పట్రా" అనేవాణ్ని, మా ఇంటామె "తీస్కరా బిడ్డా" అనేది, మనవరాలు ఫోన్లోంచి ఇంగ్లీషులో ఏదో అరిచేది. పిల్ల ఎవరి మాట వినాలి? ఇప్పుడు అందరం "తే" అనే అంటున్నాం.

బంతుల సంగతి కూడా రాయాలి. మొదట కొన్నది ఎర్ర రబ్బరు బంతి. తోటకూర మడిలో పడితే కళ్ల ముందే ఉన్నా సకినం చుట్టూ తిరిగి వాసన పట్టి వెతుక్కునేది. చూపులో లోపముందేమో అని టెన్షన్ పడ్డాను. టీకాకు వెళ్లినప్పుడు అడిగితే డాక్టర్ చెప్పాడు, కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి గానీ ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదని. ఆ మాట విని కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ఎర్ర, పచ్చ తేడా తెలియని మనిషికి మా ఉద్యోగమే లేదు. సెలక్షన్‌లో మొదలుపెట్టి సర్వీసంతా, గడువు రాగానే మెడికల్‌కు పోయి రంగు చుక్కల పుస్తకంలో అంకెలు చదివి చెప్పేవాణ్ని. ప్రతిసారీ గుండె దడే. ఆ రెండు రంగులూ లేని లోకంలో ఈ పిల్ల హాయిగా ఉరుకుతోంది.

అందుకని మా ఇంటామె పాత పసుపు చీర చింపి, ముడి మీద ముడి వేసి, నారింజ పండంత బంతులు రెండు కట్టాను. మింగలేనంత పెద్దవి, పళ్లకు మెత్తనివి. పుల్లలు మాత్రం విసరం. ఒకసారి మా ఇంటామె వేపపుల్ల విసిరితే కొరికి చీల్చింది, పేడు నాలిక కింద గుచ్చుకుంది. ఎత్తుగా కూడా విసరను, నేల మీద దొర్లిస్తాను. ఎగిరి దూకితే ఎదిగే ఎముకలకు మంచిది కాదు. అయిదారు సార్లు విసిరాక, ఇంకా కావాలని అది చూస్తుండగానే ఆపేస్తాను. అలిసి విసుగొచ్చేదాకా ఆడిస్తే మర్నాడు బంతి ముఖం చూడదు. ఆట కాగానే నాలుగు గుక్కలు నీళ్లు తాగి బీరువా పక్కన పడుకుంటుంది. ఇంత పిల్లలు రోజులో పద్దెనిమిది గంటలు పడుకుంటాయట, మాది అంతకు తక్కువేం కాదు.

ఇక ఈ పొద్దున. మార్చి సగానికే ఎండ ముదిరింది. తొమ్మిదింటికల్లా సందులో సిమెంటు మీద చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, కాబట్టి ఆరింటికే దిగాం. వేప పూత రాలి నేలంతా తెల్లగా ఉంది. మొదటి నాలుగు మామూలుగానే జరిగాయి. అయిదోసారి విసిరాక రెండో బంతి చూపించడం మరిచిపోయాను. స్టేషన్ వైపు నుంచి గూడ్స్ బండి హారన్ వినిపించింది, ఎంత సర్వీసు అయిపోయినా చెవి అటే పోతుంది. కుడి చెయ్యి మోకాలి మీద తెరిచే ఉంది. అరచేతిలో తడిగా, వెచ్చగా ఏదో తగిలింది. చూస్తే పసుపు బంతి. సకినం మూతి ఇంకా నా వేళ్ల మీదే ఉంది. ముక్కు మీద ఒక వేపపువ్వు అంటుకుని ఉంది. పారిపోలేదు, దవడ బిగించలేదు, రెండో బంతి అడగలేదు. తోక చుట్ట విప్పి మెల్లగా ఊపుతూ నా ముఖంలోకి చూసింది.

నాకు గొంతు పట్టేసినట్టయింది. మా అబ్బాయి చిన్నప్పుడు నేను ఎప్పుడూ లైన్ మీదే. పండగ పూట ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడు బంతాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఈ రాత్రి ఫోన్ చేసి అడగాలి.

మధ్యాహ్నం మా ఇంటామె బంతులు ఉతుకుతూ "ఇగో, ఇటు రా ఒకపారి" అని కేక వేసింది. చీర ముడిలో తెల్లగా, సన్నబియ్యం గింజంత ఏదో ఇరుక్కుంది. పక్కనే కందిగింజంత నెత్తుటి మరక. పాలపన్ను. ముందరి పన్ను ఊడింది. కుక్కపిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిది, అవన్నీ రాలి ఏడో నెలకల్లా నలభై రెండు పెద్ద పళ్లు వస్తాయి. అంటే నేను మొన్నమొన్నటిదాకా నోరు తెరిచి బంతి లాగిన చోటనే దీని చిగుళ్లు సలుపుతున్నాయి. పాపం, ఒక్కసారి కూడా నా చెయ్యి కొరకలేదు. ఇక కొన్నాళ్లు గుడ్డ లాగులాట కూడా వద్దని మా ఇంటామెకు చెప్పాను.

మనవరాలికి వీడియోకాల్ చేసి పన్ను చూపించాం. దానికీ ముందు పళ్లు రెండు లేవు. "ఇంటి మీద వెయ్యి తాతా, లేకపోతే కొత్త పన్ను రాదు" అని గట్టిగా చెప్పింది. పోయిన దసరాకు దాని పన్ను నేనే పేడలో చుట్టి మా డాబా మీదికి విసిరాను. ఆ వచ్చిన పన్ను చూపించి మరీ చెబుతోంది.

సాయంత్రం ఎండ తగ్గాక సందులో నిలబడి సకినం పన్ను డాబా మీదికి విసిరాను. నా చెయ్యి లేవడం చూసి అది గోడ దాకా ఉరికింది. అక్కడ నిలబడి మెడ ఎత్తి పిట్టగోడ వైపు చాలాసేపు చూసింది. హౌజు వెనక వెతికింది, తోటకూర మడిలో వెతికింది. తర్వాత ఖాళీ నోటితో మెల్లగా నా దగ్గరికి వచ్చి, మూతి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. జేబులోంచి పసుపు బంతి తీసి దొర్లించాను.