జిమ్ శిక్షకులు మందుల చీటీ కూడా చూడాలి
దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా హైదరాబాద్ జిమ్‌లలో ఇప్పుడు కండలు పెంచాలనుకునే కుర్రవాళ్ల పక్కనే షుగరూ బీపీ ఉన్న పెద్దవారూ చేరుతున్నారు. వారికి వ్యాయామం నేర్పే శిక్షకులకు ఆ జబ్బుల గురించి సరైన శిక్షణ అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్ అనే మందు వాడే వ్యక్తినే తీసుకోండి. ఆ మందు గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది కనుక, 220లోంచి వయసు తీసేసి లెక్కగట్టిన నాడిని అందుకోమని ట్రెడ్‌మిల్‌పై తొందరపెడితే, ఆయన శక్తికి మించి శ్రమపడతారు. అక్కడ నాడిని కాక, ఆయన ఆయాసపడకుండా మాట్లాడగలుగుతున్నారా, ఎంత కష్టంగా ఉందంటున్నారు అన్నది గమనించాలి. పడుతున్న శ్రమను చేసేవారే 6 నుంచి 20 వరకు అంకెల్లో చెప్పే బోర్గ్ కొలమానం అందుకే ఉంది. ఆయనే ఇన్సులిన్ కూడా తీసుకుంటుంటే చిక్కు మరింత పెద్దది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినప్పుడు రావలసిన గుండెదడ, వణుకు బీటా బ్లాకర్ వల్ల బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. జిమ్‌లో చెమటను ఎవరు అనుమానిస్తారు?

బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుందన్న సంగతి చాలామంది శిక్షకులకు తెలుసు. గ్లూకోమీటరు వాడడం, ఛాతీనొప్పి వస్తే వెంటనే వ్యాయామం ఆపించి వైద్యసాయం పిలవడం, మందుల మోతాదు జోలికి వెళ్లకుండా వైద్యుడినే అడగమనడం కూడా అంతే శ్రద్ధగా నేర్పాలి.