నేను పట్టిన కుందేలు

ఓల్బర్న్‌హావులో రైలు దిగితే ఎటు చూసినా కొండలే. జర్మనీ తూర్పు భాగంలో, చెక్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతాన్ని ఎర్ట్స్‌గెబిర్గె అంటారు. ఖనిజాల కొండలని అర్థం. ఒకప్పుడు వెండి, తగరం తవ్వుకుని బతికిన ఊళ్లివి. గనులు అడుగంటాక ఆ కుటుంబాలు చెక్కబొమ్మల వైపు మళ్లాయి. ఖనిజపు రాయిని దంచడానికి వాడిన నీటిచక్రాలతోనే తరిమెనలు, అంటే కర్రను తిప్పుతూ చెక్కే లేతులు, నడుపుకున్నారు. ఇవాళ్టికీ ఇక్కడ ఎదురుపడిన మనిషి "గ్లూక్ అవుఫ్" అని గని కార్మికుల పలకరింపే పలకరిస్తాడు. పక్కనున్న సైఫెన్ ఊరంతా బొమ్మల అంగళ్లే.

నేను కెమ్నిట్స్‌లో ఎమ్మెస్ చేశాను. నాతో చదివిన తెలుగువాళ్లలో చాలామంది కార్ల కంపెనీల్లో చేరి మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వెళ్లిపోయారు. నేను ఇరవైమంది కూడా లేని ఒక చెక్కబొమ్మల వర్క్‌షాపులో డిజైన్ ఇంజినీరుగా చేరాను. జీతం వాళ్లకంటే తక్కువ. వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా రోజూ టెన్షనే. ఫోన్‌లో చెప్పగానే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంత చదువూ చదివి మళ్లీ బొమ్మలేనా?" అంది. అమ్మ అలా అనడానికి కారణం ఉంది. అమ్మ పుట్టిల్లు ఏటికొప్పాక. మావయ్య చిన్నతనం నుంచీ తరిమెన ముందే కూర్చున్నాడు. అంకుడు కర్ర పొట్టు జుట్టులో ఇరుక్కుని ఇంటికొచ్చే తమ్ముణ్ణి చూస్తూ పెరిగింది అమ్మ. తన కూతురికి ఆ పొట్టు అంటకూడదనుకుంది.

వర్క్‌షాపులో నాకు పని నేర్పింది మైస్టర్, అంటే మన మేస్త్రీ. ఆయనకు అరవై దాటాయి. చెక్కబొమ్మలు చేయడం ఇక్కడ మూడేళ్ల శిక్షణ, పరీక్ష ఉన్న వృత్తి. అది పూర్తిచేసి, ఆపైన మైస్టర్ పరీక్ష కూడా గట్టెక్కిన మనిషి. మొదటిరోజే "నన్ను 'డూ' అనే పిలువు" అన్నారు. 'డూ' అంటే మన నువ్వు. నోటితో ఆ మాట అంటూనే ఉన్నాను. మనసులో మాత్రం ఆయన ఎప్పుడూ మీరే.

రెండో ఏడు జనవరిలో నాకు సొంతంగా ఒక బొమ్మ అప్పగించారు. ఏడాదిన్నర దాటిన పిల్లలు తాడుతో లాక్కుంటూ నడిచే కుందేలు. నడుస్తుంటే అది గెంతాలి, చెవులు ఆడాలి. బ్యాటరీ ఉండకూడదు, స్ప్రింగు ఉండకూడదు. గెంతుకు కావలసిన బలమంతా పిల్ల చేతి లాగుడులోంచే రావాలి.

గెంతించడం తేలికే. చక్రానికి బెజ్జం నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు వేస్తే చాలు. 6 మిల్లీమీటర్లు పక్కకు జరిపితే, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు బొమ్మ వెనకభాగం 12 మిల్లీమీటర్లు లేచి దిగుతుంది. రెండు చక్రాల బెజ్జాలూ ఒకే వైపు ఉంటే గెంతు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే బాతు నడక. అందుకే చక్రాలు ఇరుసు మీద వదులుగా తిరగకూడదు. వదులైతే నాలుగు మలుపులు తిరిగేసరికి రెండూ తలో దారిన పడతాయి, కుందేలు కాస్తా బాతైపోతుంది. రెండింటినీ ఇరుసుకు జిగురుతో అంటించి, అడ్డంగా చెక్కమేకు దింపాం.

మొదటి నమూనాకు 45 మిల్లీమీటర్ల చక్రాలు పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఒకామె ఇంటికి తీసుకెళ్లి, ఏడాదిన్నర వయసున్న వాళ్ల పాప చేతికిచ్చాం. పాప నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసి తాడు వదిలేసింది. "గెంతుతున్నట్టు లేదు, చలికి వణుకుతున్నట్టుంది" అంది వాళ్లమ్మ. నిజమే. నేను బల్లమీద నా చేత్తో మెల్లగా లాగి చూసుకుని మురిసిపోయాను. పిల్ల నడక వేగం లెక్కలోకే తీసుకోలేదు.

మర్నాడు మైస్టర్ ప్యాకింగ్ కాగితం చుట్టొకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "వెళ్లి పిల్ల అడుగు కొలుచుకురా" అన్నారు. వాళ్ల వంటింట్లో ఆ గోధుమరంగు కాగితం పొడుగ్గా పరిచాం. పాప పాదాలు తడిపి, అటు చివర వాళ్లమ్మ చేతులు చాపి కూర్చుంది. చిన్న చిన్న తడి పాదాలు, వేళ్ల గుర్తులతో సహా, కాగితం మీద వంకరటింకరగా పడ్డాయి. ఆరిపోయేలోపు పెన్సిల్‌తో చుట్టూ గీసేశాను. మడమ నుంచి మడమకు సుమారుగా 28 సెంటీమీటర్లు. అప్పుడు విషయం అర్థమైంది. నా 45 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత 141 మిల్లీమీటర్లు. పాప ఒక అడుగు వేస్తే కుందేలు రెండుసార్లు గెంతుతోంది. ఆ వేగానికి కంటికి వణుకే కనబడుతుంది. 90 మిల్లీమీటర్ల చక్రమైతే చుట్టుకొలత 283. అడుగుకో గెంతు.

అంత పెద్ద చక్రం కుందేలుకు నప్పుతుందా అని భయపడ్డాను. కానీ పక్కనుంచి చూస్తే వెనక చక్రం అచ్చం కుందేలు తొడలా కుదిరింది. తొడ గీయాల్సిన చోట చక్రమే తొడైంది. ఆ కాగితం ఇప్పటికీ మడతపెట్టి నా దగ్గరే దాచుకున్నాను.

తర్వాత చెవులు. ఇరుసు మధ్యలో ఒక చిన్న బిళ్ల, దాని బెజ్జం కూడా పక్కకే. ఆ బిళ్ల మీద ఆని ఒక పుల్ల బొమ్మ పొట్టలోంచి పైకి పోతుంది. బిళ్ల ఎత్తైన వైపు వచ్చినప్పుడు పుల్ల లేచి చెవుల్ని నిలబెడుతుంది. దిగినప్పుడు చెవులు వాటి బరువుకే వెనక్కి వాలతాయి. నున్నటి నేలమీద అంతా బాగానే ఉంది. తివాచీ మీద పెడితే చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోయింది, అదీ ప్రతిసారీ ఒకే చోట. వెనకభాగం లేవడం, చెవులు లేవడం రెండూ ఒకే క్షణంలో జరగాలని పెట్టాను. రెండు బరువులూ ఒక్కసారే మీద పడేసరికి చక్రానికి పట్టు చాలలేదు.

నేను చెవులు తేలిక చేయాలని, పట్టు పెంచాలని ఏవేవో లెక్కలు వేస్తున్నాను. మైస్టర్ బొమ్మని చాలాసేపు ముందుకీ వెనక్కీ లాగి చూశారు. "కుందేలు గెంతినప్పుడు చెవులు దానితోపాటే లేవవు, కాస్త ఆలస్యంగా వస్తాయి. నువ్వెప్పుడూ చూడలేదా?" అన్నారు. బిళ్లని పావుచుట్టు వెనక్కి తిప్పి బిగించారు. ఒళ్లు లేచింది, ఆ వెనకే చెవులు లేచాయి. అంతదాకా చెక్కముక్కగా ఉన్నదానికి ప్రాణం వచ్చింది. తివాచీ మీద ఈడ్చుకుపోవడమూ చాలావరకు తగ్గింది, ఎందుకంటే బరువులు ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. ఆయన లెక్క వేసి చెప్పలేదు, కుందేలును గుర్తుచేసుకుని చెప్పారు. లెక్క నేను ఆ రాత్రి వేసుకున్నాను, సరిపోయింది.

మిగిలిన కాస్త జారుడుకి చక్రం అంచున గాడి తీసి రబ్బరు రింగు వేశాం. అదీ ఒక్క చక్రానికే. రెండింటికీ వేస్తే నేరుగా బాగా పోతుంది కానీ మలుపు దగ్గర మొరాయిస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే ఇరుసుకు అంటుకున్నాయి కాబట్టి ఏదో ఒకటి జారక తప్పదు. జారడానికి ఒకదాన్ని వదిలేశాం.

ముందు చక్రాల దగ్గర మాత్రం మా ఇద్దరికీ గట్టి వాదనే జరిగింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, నేను ముందు ఒకే చక్రం చాలని పట్టుబట్టాను. మూడు చక్రాల బండి ఎగుడుదిగుడు నేలమీద కూడా మూడింటి మీదా నిలుస్తుంది. నాలుగైతే ఒకటి గాల్లోకి లేవొచ్చు. పుస్తకం ప్రకారం నా మాట తప్పు కాదు. మైస్టర్ వాదించలేదు. తాడు పట్టుకుని బల్ల చుట్టూ పిల్లల్లా గబగబా తిరిగారు. మొదటి మూలలోనే కుందేలు పక్కకు పడింది. మళ్లీ తిరిగారు, మళ్లీ పడింది. "పిల్లలు నేరుగా నడవరు" అన్నారు. తాడు లాగేది ముక్కు దగ్గర. మూడు చక్రాల బొమ్మకు ఆధారం సన్నబడేదీ అక్కడే. ముందు రెండు చక్రాలు పెట్టి, తాడు కట్టే బెజ్జాన్ని ఛాతీ మీంచి ఇరుసు ఎత్తుకు దించాను. ఆ తర్వాత పడలేదు.

ఇక పరీక్షలు. యూరప్‌లో బొమ్మల భద్రతకు ఈఎన్ 71 అనే ప్రమాణం ఉంది. కదిలే భాగాల మధ్య సందులో 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే 12 మిల్లీమీటర్లదీ దూరాలి. అంటే పిల్ల వేలు అసలు దూరకూడదు, దూరితే నలగకుండా తిరిగి రావాలి. చెవి మొదలు దగ్గర నా సందు సరిగ్గా ఆ రెంటి మధ్య ఉంది. చెవి మొదలును గుండ్రటి బిళ్లలా చేసి, తలలోని గాడిలో 3 మిల్లీమీటర్ల సందుతో తిరిగేలా మార్చాను. తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి దాని పొడవుకి, మందానికి, చివర ఏం కట్టొచ్చన్నదానికి విడిగా నియమాలున్నాయి. నేను ముచ్చటపడి తాడు చివర కట్టిన ఎర్రపూస అలా పోయింది.

మూడేళ్లలోపు పిల్లల బొమ్మను 850 మిల్లీమీటర్ల ఎత్తునుంచి ఉక్కు పలక మీద అయిదుసార్లు పడేస్తారు. మా దగ్గరే ముందుగా పడేసి చూశాం. మూడోసారికి చెవి విరిగింది. విరిగిన ముక్కను పరీక్ష గొట్టంలో వేయాలి. పిల్ల గొంతులోకి పోగల ముక్కో కాదో చెప్పే ఆ చిన్న గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. చెవి ముక్క అందులో పూర్తిగా మునిగిపోయింది. ఆ చప్పుడుకి నా గుండె జారింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ గొట్టం వైపు చూసినప్పుడల్లా వంటింటి కాగితం మీద నడిచిన పాపే గుర్తొచ్చేది. తప్పు నాదే. చెక్క వృథా కాకుండా ఉంటుందని చెవుల్ని పలకమీద అడ్డంగా పేర్చి కోయించాను. నార చెవికి అడ్డంగా పోయింది. నిలువు నారతో కోసి, మొదలు లావు చేశాం. రెండు వారాలు వెనకబడ్డాం. ఈసారి అయిదూ తట్టుకుంది.

రంగుల దగ్గర మైస్టర్‌కి ఏటికొప్పాక గురించి చెప్పాను. ఇక్కడ నీటితో కలిపే రంగులు పూసి, ఆరబెట్టి, పిల్లల ఉమ్మికి, చెమటకు దిగుతాయేమో పరీక్షిస్తారు. మావయ్య దగ్గర బ్రష్షు ఉండదు, ఆరబెట్టడమూ ఉండదు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. పైన మొగలి ఆకు అదిమితే నున్నగా మెరుస్తుంది. జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి సహజ రంగుల్ని ఆ ఊళ్లో మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చిందని కూడా చెప్పాను. ఊరి వీడియో ఒకటి చూపిస్తే మైస్టర్ దాన్ని ఫోన్‌లో మూడుసార్లు చూశారు. ఉలి పట్టిన తీరు చూసి, "ఈ మనిషికి పని వచ్చు" అన్నారు. అది మావయ్య చెయ్యి. ఆ సాయంత్రం ఆ మాట అమ్మకు ఫోన్‌లో చెప్పాను. ఆ ఒక్క మాటే మళ్లీ చెప్పించుకుంది.

వేసవి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక కుందేలును పట్టుకెళ్లాను. మావయ్య అరుగు మీద కూర్చుని, ముందు దాన్ని లాగనే లేదు. తిరగేసి పట్టుకుని వేలితో చక్రం తిప్పాడు. పుల్ల లేవడం, చెవులు ఆలస్యంగా రావడం చూశాడు. చెవి నార మీద గోరు ఆనించి మొదలు నుంచి కొసకు గీశాడు. "నిలువునే కోసేరు, మంచిది" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. తర్వాత రెండు చక్రాలూ పక్కపక్కన తడిమి ఆగాడు.

"రబ్బరు ఒక్కదానికే వేసేరేటమ్మా?"

నేను నోరు తెరిచేలోపే చక్రం ఇంకోసారి తిప్పి, "ఓహో. మలుపు తిరగొద్దేటి మరి!" అని తనకు తనే చెప్పుకున్నాడు. అప్పుడు కిందపెట్టి తాడు పట్టుకుని, సిమెంటు నేలమీద ఆ చివర నుంచి ఈ చివరకు లాక్కుంటూ నడిచాడు. ఆయన అడుగుకి కుందేలు రెండు మూడు గెంతులు వేస్తోంది. వెనక్కి చూసి అడుగు చిన్నది చేసుకున్నాడు.

నేను బయల్దేరే ముందురోజు రాత్రి ఒక కాగితం పొట్లం తెచ్చి నా పెట్టెలో బట్టల మధ్య దూర్చాడు. పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ లక్క కడ్డీలు. "మీ మేస్త్రీగారికివ్వు. లేతు జోరుగా తిరిగినప్పుడే ఆనించమను, మెల్లగా తిరిగితే అంటదు" అన్నాడు.