గ్రిల్ వెనక జాలీ: కన్ను ఎంతుండాలి, ఎట్లా బిగించాలి

థార్, జిమ్నీ లాంటి బండ్ల ముందు గ్రిల్‌కి సందులు వెడల్పు. ఆ సందుల్లోంచి చూస్తే ముందు కనిపించేది రేడియేటర్ కాదు, దానికి అడ్డంగా నిలబడిన ఏసీ కండెన్సర్. కాగితమంత పలచని అల్యూమినియం రెక్కలు, వాటి నడుమ సన్నటి గొట్టాలు. ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి పోయేటప్పుడు గ్రానైట్ టిప్పర్ వెనక పడ్డారనుకోండి, ఎగిరొచ్చే ఒక్క చిప్పు గొట్టానికి సూటిగా తగిలితే చాలు, గ్యాసంతా పోతుంది. ఉదయగిరి, సీతారామపురం వైపు బాటల్లో అయితే సర్కారు తుమ్మ కొమ్మలు సందులో దూరి రెక్కల్ని గీరేస్తాయి. జాలీ వేసేది ఈ రెండింటికోసం. అందానికి వేసుకునేవాళ్ళూ ఉన్నారు, తప్పేం లేదు. కాకపోతే అందానికి కొన్న జాలీ చాలాసార్లు గాలిని కూడా ఆపేస్తుంది.

వల కొనేవాడు ముందు కన్ను, అంటే కంత వెడల్పు, చూస్తాడు. ఇక్కడా అంతే. కన్ను 6 ఎంఎం, తీగ 1 ఎంఎం ఉన్న అల్లిక జాలీ తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. లెక్క సులువు: కన్నుని, కన్ను ప్లస్ తీగతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. 6ని 7తో భాగిస్తే 0.857, దాన్ని దానితో గుణిస్తే 0.73. అంటే నూటికి 73 పాళ్ళు ఖాళీ. 12 ఎంఎం కన్ను, అదే 1 ఎంఎం తీగ ఉన్న వెల్డ్ మెష్ (తీగలు అతికించిన జాలీ) అయితే 85 పాళ్ళు ఖాళీయే గానీ 10 ఎంఎం కంకర రాయి హాయిగా లోపలికి పోతుంది. 3 ఎంఎం కన్ను, 0.9 తీగ అయితే ఖాళీ 59కి పడిపోతుంది. దోమల జాలీ మాత్రం వద్దే వద్దు. లెక్కలో 60 పైన వచ్చినా అంత సన్న కంతల్లోంచి గాలి తోసుకుపోవడం కష్టం. పైగా వరి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసిన దారిలో ఒక్కసారి పోయొస్తే చాలు, పొట్టు, తాలు అతుక్కుని అట్ట కట్టేస్తుంది.

వజ్రం ఆకారం కంతలుండే అల్యూమినియం జాలీ రంగు వేసి తయారుగా దొరుకుతుంది. తేలిక, కోయడం సులువు. దాంట్లో ఒక మెలిక ఉంది: రేకుని చీల్చి లాగి చేస్తారు కాబట్టి దాని పోగులు ఏటవాలుగా ఉంటాయి. బిగించే ముందు కంటికి ఎదురుగా పట్టుకుని వెలుతురు వైపు చూడండి. కొద్దిగా పైకి వంచితే ఒకలా, కిందికి వంచితే ఇంకోలా కనిపిస్తుంది. ఒక వైపు కంతలు తెరుచుకుంటాయి, ఇంకో వైపు మూసుకుంటాయి. గ్రిల్‌లో ఉండబోయే వాలులోనే పట్టుకుని, ఎదురుగా ఎక్కువ వెలుతురు కనిపించే దిక్కులో వేయండి. తలకిందులుగా వేస్తే అదే జాలీ గాలిని బంపర్ కిందికో బానెట్ కిందికో మళ్ళిస్తుంది.

సముద్రం పక్కన తిరిగే బండికి లోహం ఏదన్నది ముఖ్యం. మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం ఇసుకలో తిప్పేవాళ్ళు, రొయ్యల గుంటల గట్ల మీద రోజూ పోయేవాళ్ళు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అడగండి. దాంట్లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకునేది అదే. 304 కూడా మంచిదే గానీ ఉప్పుగాలికి కొన్నాళ్ళకి టీ మరకల్లాంటి గోధుమ చారలు పడతాయి. పొదిలి, కనిగిరి వైపు తిరిగే బండికి 304 చాలు. 'స్టెయిన్‌లెస్' అని చెప్పి 202 గ్రేడ్ అంటగట్టే కొట్లున్నాయి, త్వరగా తుప్పు పట్టేది అది. అయస్కాంతం పరీక్షని నమ్మొద్దు. తీగ లాగేటప్పుడు అసలైన 304కి కూడా కొంచెం అయస్కాంత గుణం వస్తుంది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవడమే మేలు. కోళ్ళ గూడుకి వాడే జాలీని జింకు పూత ఉంది గదా అని వేస్తారు కొందరు. కోసిన ప్రతి కొస నుంచీ తుప్పు మొదలవుతుంది.

కొనేముందు ఇంకో సంగతి. ముందు రాడార్ ఉన్న బండ్లలో, అంటే ముందు బండికి దూరం కొలిచి తనే బ్రేకు వేసే రకం వాటిలో, ఆ రాడార్ ఎదురుగా లోహపు జాలీ రాకూడదు. కెమెరాకీ అంతే. అక్కడ కిటికీ కోసి వదిలేయాలి.

ఇక పని. బానెట్ లేపి, పైన ఉండే ప్లాస్టిక్ కవరు క్లిప్పులు తీయాలి. కొన్నింటికి నడిమి పుల్లని పైకి లేపాలి, కొన్నింటికి లోపలికి నొక్కాలి. ఏది ఏదో చూడకుండా స్క్రూ డ్రైవర్‌తో పెకలిస్తే విరిగేవి అవే. తర్వాత 10 నంబరు బోల్టులు, స్టార్ స్క్రూలు. అన్నీ తీశాక కూడా గ్రిల్ రాకపోతే బలం పెట్టకండి, కింద వరసలో లాకులుంటాయి. ప్లాస్టిక్ ట్రిమ్ పుల్ల దూర్చి, ఒక చివర నుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో తిన్నగా మీ వైపు లాగాలి. ఎండకి ఎండీ ఎండీ పెళుసెక్కిన గ్రిల్ అయితే లాకుల దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చబెట్టండి. పూర్తిగా లాగేముందు వెనక చెయ్యి పెట్టి వైర్లు తడమండి.

గ్రిల్‌ని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి అట్ట మీద నమూనా గీయండి. సందుల అంచుకి అన్ని వైపులా 10 ఎంఎం ఎక్కువ, లాకులకి 3 ఎంఎం దూరం. రేకు కత్తెరతో కోశాక అంచు తీగలు సూదుల్లా ఉంటాయి, ఆకురాయి పట్టి, చుట్టూ రబ్బరు యూ బీడింగ్ (యూ ఆకారం అంచు పట్టీ) తొడగాలి. ఇది మానేస్తే ఆ కొసలు గ్రిల్ ప్లాస్టిక్‌ని ఏడాదిలో కోసేస్తాయి, గరుకు రోడ్డు మీద కిచకిచ చప్పుడు అదనం. మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు ముక్క 6 ఎంఎం కన్ను స్టీల్‌లో అర కిలోకి కాస్త పైన తూగుతుంది, లాకులు మోయగలవు.

బిగింపుకి సులువైన దారి నల్ల కేబుల్ టైలు: 4.8 ఎంఎం వెడల్పు, ఎండకి తట్టుకునే రకం, 16 నుంచి 20. రెండేసి కంతల్లోంచి గ్రిల్ పుల్ల చుట్టూ తిప్పి ముడి వెనక్కి పెట్టాలి. తెల్లవి మన ఎండకి తొందరగా విరిగిపోతాయి. డబుల్ టేపు ఒక్కదాన్నే నమ్ముకున్న రెడీమేడ్ ఇన్సర్ట్‌లు (కొలతకి కోసి అమ్మే జాలీ ముక్కలు) మే నెలలో జారిపోతాయి, వాటికీ నాలుగు మూలలా టైలు వేయండి.

బోల్టులే కావాలంటే ఎం5 (5 ఎంఎం లావు) స్టెయిన్‌లెస్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవని రకం), రెండు వైపులా వెడల్పు వాషరు. ముందు 3 ఎంఎం కంత, తర్వాత 5.5. డ్రిల్ నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే ప్లాస్టిక్ కోసుకోదు, కరుగుతుంది. ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. గ్రిల్ ప్లాస్టిక్ వేడికి స్టీల్ కన్నా నాలుగైదు రెట్లు సాగుతుంది. తెల్లవారుజాము 20 డిగ్రీల నుంచి ఎండలో నల్ల ప్లాస్టిక్ 60 డిగ్రీలకి పోయిందంటే మీటరుకి మూడు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, జాలీ ఒక్క మిల్లీమీటరు కూడా సాగదు. అన్ని బోల్టులూ గట్టిగా బిగిస్తే గ్రిల్ మధ్యలో ఉబ్బుతుంది, లాకు ఊడుతుంది. అందుకని మధ్య బోల్టు ఒక్కటే గట్టిగా ఉండాలి. చివరి వాటికి కంతలు అడ్డంగా 3 ఎంఎం సాగదీసి, వాషరు వేలితో తిరిగేంత వదులు ఉంచాలి. నైలాక్ నట్టు కాబట్టి ఊడదు.

వెనక్కి బిగించేముందు జాలీకి, కండెన్సర్‌కి మధ్య ఎంత ఉందో చూడండి. 25 ఎంఎం కన్నా తక్కువ ఉంటే నాకు నచ్చదు. రాయి తగిలి జాలీ లోపలికి వంగినప్పుడు రెక్కలకి ఆనకూడదు. హారన్ జాలీకి తగులుతోందేమో కూడా చూసుకోండి.

జాలీ గాలిని ఆపుతోందా లేదా అన్నది డ్యాష్‌బోర్డు మీది ఇంజను వేడి మీటరు ముల్లు చెప్పదు. థర్మోస్టాట్ వేడిని ఒక దగ్గర పట్టి ఉంచుతుంది, చిన్న తేడా అందులో మునిగిపోతుంది. ముందు తెలిసేది ఏసీలో: బండి నిలబడి ఉన్నప్పుడు చల్లదనం తగ్గుతుంది, ఫ్యాను మాటిమాటికీ తిరుగుతుంది. ఓబీడీ స్కానరు (బండి కంప్యూటరు లెక్కలు చూపించే పరికరం) ఉంటే జాలీ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, అదే ఎత్తు రోడ్డు, అదే వేళ, అదే గేరులో ఏసీ వేసుకుని నడిపి కూలెంట్ వేడి రాసుకోండి. నాలుగైదు డిగ్రీలు ఎక్కువొస్తే కన్ను చిన్నదైపోయినట్టే.

చట్టం సంగతి ఒక ముక్క. లోపలి జాలీ వేరు, ముందు బిగించే ఇనుప గార్డు వేరు. అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. జాలీని లైట్ల మీదికి, నంబరు ప్లేటు మీదికి మాత్రం రానివ్వకండి.

కడగడం లోపలి నుంచి బయటికి. గాలి వచ్చే దిక్కునే నీళ్ళు కొడితే పొట్టు ఇంకా లోపలికి పోతుంది. ప్రెషర్ వాషర్‌ని దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి, మామూలు పైపు చాలు. ఇసుకలో తిరిగి వచ్చిన రోజు మంచినీళ్ళతో అదే రోజు కడగాలి, జాలీ వెనక ఉప్పు బురద నిలబడిపోతుంది. కోతల తర్వాత ఒకసారి గ్రిల్ ఊడదీసి చూడండి. తీసిన ప్రతిసారీ టైలు కొత్తవి వేయాలి, క్లిప్పులు రెండైనా విరుగుతాయి. గ్లవ్ బాక్సులో ఒక ఆరు క్లిప్పులు పడేసి ఉంచండి.