మూడో ఆదివారం కూడా సీటులో నీళ్లే

ఇవాళ కూడా అదే కథ. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి కాస్త పైన, ఉదయం ఆరున్నర, గాలి లేదు, అల లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కి కూర్చున్న నిమిషంలోనే నడుం కింద తడి. చాలా చిరాకేసింది.

కయాక్ తొమ్మిదడుగుల సిట్-ఆన్-టాప్ (లోపల కాకుండా పైనే కూర్చునే రకం), వెడల్పు 29 అంగుళాలు, మోయగల బరువు 115 కిలోలని స్టిక్కర్ మీద ఉంది. అమ్మే ఆయన మంచివాడు, "నెల రోజులు నడిపి చూడండి, నచ్చితేనే డబ్బులు" అన్నాడు. ఆ నెల ఇంకో వారంలో అయిపోతుంది.

మొదటి వారం అడుగున పగులేమో అనుకున్నాను. ఇటుకల మీద పెట్టి బోలు పొట్ట లోపల రెండు బకెట్ల నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే కింద చుక్క కూడా కారలేదు. రెండో వారం స్కప్పర్ రంధ్రాలు, అంటే పైన పడ్డ నీళ్లు కిందికి పోవడానికి పడవకు ఆరపార ఉండే కన్నాలు, నాలుగూ బిరడాలతో మూసేశాను. కింద నుంచి రావడం ఆగింది గానీ తెడ్డు నుంచి కారిన నీళ్లు, పక్క నుంచి వెళ్లిన మరపడవ అల చిమ్మిన నీళ్లు బయటికి పోయే దారి లేక నిలిచిపోయాయి. నలభై నిమిషాలకు ఒకటిన్నర సెంటీమీటరు. వినడానికి తక్కువే, కానీ కొంచెం ఒరిగితే చాలు ఆ నీళ్లన్నీ అటే పరుగెత్తి పడవను ఇంకా ఒంచేస్తున్నాయి. టెన్షన్ వచ్చి బిరడాలు పీకేశాను.

ఇవాళ మోకాలి లోతులో నిలబెట్టి ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు ఒక్కొక్కటే ఎక్కించాను. మూడు టిన్నులకు, అంటే అరవై కిలోలకు, సీటు పొడి. నాలుగోది పెట్టగానే సీటు వెనక రంధ్రంలోంచి బుడబుడమంటూ నీళ్లు పైకొచ్చాయి. టిన్నులు దించి నేనెక్కాను. నేను 88, సంచి, నీళ్లు, లంగరు కలిపి 6, మొత్తం 94 కిలోలు. పాప స్కేలు పెట్టి కొలిస్తే సీటు వెనక 4 సెంటీమీటర్లు, ముందు ఒకటి. సంచి కాళ్ల దగ్గరికి జరిపితే వెనక మూడుకు తగ్గింది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఇదంతా చూసి, "బాబూ, నువ్వు కూకున్న చోటే ఏటి నీటి కంటే కిందుంటే నీళ్లు రాక ఏటౌతాది?" అన్నాడు. నేను మూడు వారాలు తల బద్దలుకొట్టుకున్న దానికి జవాబు అదే. 115లో 94 అంటే 82 శాతం. స్టిక్కర్ మీద అంకె పడవ మునగకుండా ఉండే హద్దుకు దగ్గరగా వేసినదే తప్ప సీటు పొడిగా ఉండే హద్దు కాదు, పైగా ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కలో వేస్తుంది. అందులో 70 శాతం దాటకుండా చూసుకోవాలన్నది పాతకాపులు చెప్పే మాట. ఆ లెక్కన నాకు కనీసం 135 కిలోలు మోసేది కావాలి.



మరి ఏది కొనాలి? పదడుగులు, 32 అంగుళాలు, 150 కిలోలది తీసుకుంటే పడవే పాతిక కిలోల దాకా ఉంటుంది, ఒక్కడినే కారు మీదికి ఎక్కించాలి. గాలి నింపేవాటిలో ఇంటెక్స్ ఎక్స్‌ప్లోరర్ కె2 మీద మనసుంది: పొడవు 312 సెంటీమీటర్లు, మోయగల బరువు 180 కిలోలు, మడిచి డిక్కీలో పెట్టుకోవచ్చు. కానీ ఈ రకం నీళ్ల మీద తేలికగా తేలుతుంది, మన దగ్గర మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక దాన్ని అదుపులో పెట్టడం కష్టం, తెల్లవారుజామునే వెళ్లి వచ్చేయాలి. లోపల కూర్చునేవి నాకొద్దు. బోల్తా పడితే సిట్-ఆన్-టాప్ మీదికి మళ్లీ ఎక్కేయొచ్చు, లోపల కూర్చునేవైతే నీళ్లతో నిండిపోతాయి. రుషికొండ అలల్లో ఆ పని ఊహించుకోలేను.

వచ్చే ఆదివారం ఆఖరి ప్రయత్నంగా సీటు కింద మూడు సెంటీమీటర్ల ఫోమ్ వేసి చూస్తాను. మనిషి ఎత్తు పెరిగితే 29 అంగుళాల పడవ ఊగుతుందనే భయం ఉంది, అందుకే నడుం లోతులోనే. ఆ తర్వాత కొండకర్ల ఆవ సరస్సుకు వెళ్లాలి. అక్కడ రెండు తాటి మొద్దులు తొలిచి జతకట్టిన దోనెల మీద జనం ఎంత ధీమాగా కూర్చుంటారో! ఈసారి టేపు తీసుకెళ్లి, దోనె వాళ్లను అడిగి, ఆ జత వెడల్పు ఎంతో, మనిషి ఎక్కాక అంచు నీటికి ఎన్ని అంగుళాల పైన ఉంటుందో కొలుచుకొస్తాను.