ఇంట్లోనే విటమిన్ డి టెస్టు: నా అనుభవం

చికాగోలో చలికాలం ఎండ కాస్తుంది గానీ, అది ఒంటికి పనికొచ్చే ఎండ కాదు. బోస్టన్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాసే ఎండకి చర్మంలో విటమిన్ డి దాదాపు తయారే కాదని 1988లోనే తేల్చారు. ఆ ఊరూ మాదీ ఇంచుమించు ఒకే అక్షాంశం. పైగా మన ఒంటి రంగుకి ఎండ ఇంకా ఎక్కువ కావాలి, నాదేమో ఇంటి నుంచే ఉద్యోగం.

లక్షణాలేమీ లేకుండా ఆ టెస్టు రాయనంది మా డాక్టరమ్మ. 2024లో ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ల నిపుణుల సంఘం చెప్పింది కూడా అదే: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఊరికే డి పరీక్ష అక్కర్లేదని. అయినా నాకు ఆగబుద్ధి కాలేదు. కాలిఫోర్నియాలోని గ్రాస్‌రూట్స్ హెల్త్ అనే లాభాపేక్ష లేని సంస్థ నుంచి కిట్ తెప్పించుకున్నాను. క్యారల్ బ్యాగర్లీ అనే ఆవిడ 2007లో మొదలుపెట్టిన సంస్థ అది. డబ్బు మనమే కట్టాలి. ఫలితం మనకొస్తుంది, పేరు తీసేసిన వివరాలు వాళ్ల పరిశోధనకి వెళ్తాయి.

రక్తం తీసుకోవడం పెద్ద పనేం కాదు. చెయ్యి వేడినీళ్లతో కడుక్కుని, కాసేపు కిందికి వేలాడదీసి, ఉంగరం వేలి కొసకి పక్కగా సూది నొక్కాను. మొదటి బొట్టు తుడిచేసి, తర్వాతి బొట్టు కిట్‌లో వచ్చిన అట్టమీద గీసిన గుండ్రంలో పడేలా చూడాలి. వేలు అట్టకి రాయకూడదు. ఒక గుండ్రం నిండింది, రెండోదానికి వచ్చేసరికి రక్తం మొరాయించింది. "గట్టిగా పిండకు, చెయ్యి ఇంకా కిందికి దించు" అని మా ఆయన పక్కనుంచి ఒకటే సలహాలు. ఆరాక కవర్లో పెట్టి పోస్ట్ చేసేశాం.

అసలు సమయం తిన్నది ప్రశ్నల ఫారం. ఎత్తు, బరువు, ఎండలో ఎంతసేపు ఉంటాను, ఏ మాత్రలు ఎంత మోతాదులో వేసుకుంటాను, ఏమేం జబ్బులున్నాయి... సీసాలు ముందేసుకుని కూర్చున్నాను. విసుగనిపించినా, ఇవి లేకుండా నా రక్తంలోని అంకె ఒక్కటీ ఎవరికీ పనికిరాదు.

పేరు తీసేస్తే సరిపోతుందా అని మా ఆయన అడిగారు. మంచి ప్రశ్నే. అమెరికాలో ఆరోగ్య వివరాల గోప్యత కోసం ఉన్న హిపా చట్టం చెప్పే ఒక పద్ధతిలో 18 రకాల గుర్తులు తీసెయ్యాలి. పేరు, ఫోన్ నంబరే కాదు, సంవత్సరం తప్ప మిగతా పుట్టినతేదీ కూడా అందులో ఉంది. 2025 మార్చిలో 23అండ్‌మీ అనే డీఎన్ఏ పరీక్షల కంపెనీ దివాలా పిటిషన్ వేసినప్పుడు జనం తమ డేటా తుడిచేసుకోవడానికి పరుగులు పెట్టారు కదా. అందుకే లాభాపేక్ష లేదన్న మాట ఒక్కటీ చూసి ఊరుకోకుండా, ఒప్పుకోలు పత్రం ఆసాంతం చదివాకే సరే అన్నాను.

ఫలితం 22 నానోగ్రాములు, మిల్లీలీటరుకి. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ లెక్కలో 20 దాటితే చాలామందికి చాలు, అంటే నేను పాస్. గ్రాస్‌రూట్స్ హెల్త్ వాళ్లేమో 40 నుంచి 60 ఉండాలంటారు, అక్కడ ఫెయిల్. 40 గీతకి నేనైతే టెన్షన్ పడలేదు. డబ్బు కట్టి టెస్టు చేయించుకునేవాళ్లు మామూలు జనం కంటే ఒంటి గురించి ఎక్కువ పట్టించుకునే రకం. వాళ్ల లెక్కలు చూసి అందరికీ గీత గీయడం నాకంతగా నచ్చదు. వివరాలివ్వడానికి మాత్రం అభ్యంతరం లేదు, మనలాంటి ఒంటి రంగువాళ్ల అంకెలూ అందులో ఉండాలి కదా.

తిరుపతిలో ఉన్న అమ్మకి చెప్తే, "ఎండలో కాసేపు నిలబడితే పోయేదానికి ఈ సూదులేంటే?" అంది. ఆ తిరుపతి చుట్టుపక్కలే జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. ఎండలో తిరిగే పల్లె జనంలోనూ డి లోపం కనిపించింది, పట్నంలో మరీ ఎక్కువ. అది విని అమ్మ వెంటనే 60,000 యూనిట్ల సాచెట్లు ఎవరిచేతో పంపిస్తానని బయల్దేరింది. వద్దని చెప్పడానికి టెస్టు కంటే ఎక్కువ కష్టపడ్డాను! మా డాక్టరమ్మ ఫలితం చూసి రోజుకి 1,000 యూనిట్లు చాలంది, అదే వేసుకుంటున్నాను. చలికాలం చివర్లో మళ్లీ చేయించుకుంటాను, ఈసారి మా ఆయన వేలికీ సూది తప్పదు.